గుమ్మానికి కట్టని వేపమండ

పదహారేళ్లుగా ఒక చింతగింజను మోస్తున్నాను. నవ్వకండి. చింతగింజ బరువెంత అని మీరడిగితే నా దగ్గర జవాబు లేదు, లెక్కల సారునై ఉండి కూడా. నా బల్ల సొరుగులో, పాత సుద్దముక్కల డబ్బాలో ఉంటుంది. ఒక పక్క నలుపు, ఒక పక్క తెలుపు. ఒకనాడు దాన్ని తెల్లవైపుకు తిప్పవలసింది. తిప్పలేదు. అందువల్ల ఒకామె కళ్లు పోయాయి, కొన్ని కుటుంబాల పని పోయింది. నాకు మాత్రం ఏమీ పోలేదు. ఈ చివరిదే నన్ను ఎక్కువగా తింటున్నది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఇన్నాళ్లూ లేనిది ఇప్పుడెందుకంటే, మొన్న బస్టాండు గోడమీద మశూచి ప్రకటన చూశాను. కేసు చూపించినవాళ్లకు ప్రభుత్వం బహుమానం ఇస్తుందట. ఇప్పుడు వెతికినా కేసు దొరకడం లేదు కాబట్టి బహుమానం. ఆ గోడ ముందు నిలబడి నిలబడి బస్సు అందుకోలేకపోయాను. నా దగ్గర ఒక కేసు ఉంది. కాస్త పాతది. ఎవరికి చూపించాలి?

అప్పటికి రెండు రాష్ట్రాలు కలిసి ఎన్నో ఏళ్లు కాలేదు. నేను బోధన్‌లో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్పేవాణ్ని. నా చదువు ఉర్దూ మీడియంలో సాగింది. పాఠం తెలుగులో చెప్పినా లోపల ఎక్కాలు ఉర్దూలోనే నడిచేవి, ఇప్పటికీ అంతే. పరీక్షల్లో ధారాళంగా సున్నాలు వేస్తానని పిల్లలు నాకు 'సున్నా సారు' అని పేరు పెట్టారు. నాకు తెలియదనుకునేవాళ్లు. నిజానికి ఆ పేరు నాకు ఇష్టం.

ఆ ఏడు చెరుకు కోతల కాలంలో మశూచి వచ్చింది. మా వైపు అలా అనకూడదు, 'అమ్మ పోసింది' అనాలి. ఇంట్లో ఎవరికైనా అమ్మ పోస్తే గుమ్మానికి వేపమండ కడతారు. మా గల్లీలో హిందువులూ కట్టేవాళ్లు, ముసల్మానులూ కట్టేవాళ్లు. మండ కనిపిస్తే బయటివాళ్లు ఆ గడప తొక్కరు. పాలు పోసే ఆమె చెంబు అరుగుమీద పెట్టి, లోపలికి ఒక కేక వేసి, వెనక్కి చూడకుండా వెళ్లిపోతుంది.

దవాఖానకు కొత్తగా గుంటూరు వైపు నుంచి ఒక డాక్టరమ్మ వచ్చారు. పిల్లలకు టీకాలు వేయడానికి మా బడికి వచ్చినప్పుడు ఆమెను ఒక ప్రశ్న అడిగాను. ఒక రోగి నుంచి సుమారు ఎంతమందికి అంటుకుంటుంది, ఎన్నాళ్లకు బయటపడుతుంది? ఆమె నా వైపు విచిత్రంగా చూశారు. జబ్బు గురించి భయంతో అడిగేవాళ్లే గానీ కుతూహలంతో అడిగేవాళ్లు ఆమెకు తగల్లేదేమో. ఇద్దరికో ముగ్గురికో అని, పన్నెండు పద్నాలుగు రోజులకు అని చెప్పారు. ఆ రెండు అంకెలు జేబులో వేసుకుని ఇంటికొచ్చాను. నిజం చెప్తున్నాను, ఆ సాయంత్రం నేను సంతోషంగా ఉన్నాను. ఊళ్లో జనం పోతుంటే సంతోషమేమిటి? నాకూ తెలియదు. మంచి లెక్క దొరికినప్పుడు నాకు ఆకలి కూడా వేయదు.

ముందుగదిలో బండలమీద సుద్దతో గళ్లు గీశాను. ఒక్కో గడి ఒక్కో ఇల్లు. చింతగింజలను ఒక పక్క బండకు రుద్ది తెల్లగా అరగదీశాను. పచ్చీసు ఆడటానికి ఆడపిల్లలు అరగదీస్తారే, అలాగే. ప్రతి గడిలో ఒక గింజ. ఇల్లు బాగుంటే నల్లవైపు పైకి, అమ్మ పోస్తే తెల్లవైపు పైకి. తెల్లగా ఉన్న ప్రతి ఇంటికీ విడిగా నాలుగు గింజలు చేతిలో గలగలలాడించి వేసేవాణ్ని. ఎన్ని తెల్లగా పడితే చుట్టుపక్కల అన్ని కొత్త ఇళ్లకు అంటుకున్నట్టు. ఒక్కసారి గళ్లన్నీ తిరిగితే రెండు వారాలు గడిచినట్టు. అప్పటికి కోలుకున్న పాత ఇంటి గింజను మళ్లీ నల్లవైపుకు తిప్పాలి. వారపు అంగడి మూసేస్తే మూడు గింజలే వేయాలి. రోగి ఉన్న ఇంటివాళ్లు బయటికే రాకపోతే ఒక్కటే. ఇలా ఎన్నిసార్లు ఆడానో! అంగడి మూసినా జబ్బు ఆగడం లేదు, కాస్త ఆలస్యమవుతున్నదంతే. తలుపులు మూస్తే మాత్రం మూడు నాలుగు తిరుగుళ్లలో గళ్లన్నీ నల్లబడుతున్నాయి.

అప్పుడు నాకొక సంగతి తట్టింది. మనవాళ్లు వేపమండ కట్టిన ఇంట్లోకి పోరు. కానీ ఆ ఇంటివాళ్లు బయటికి వస్తారు! నీళ్లకు వస్తారు, అంగడికి పోతారు, చెరుకు నరకడానికి పోతారు. తలుపు సగమే మూసి ఉంది. మిగిలిన సగం మూస్తే చాలు.

డాక్టరమ్మ ఒక ఆదివారం మా ఇంటికొచ్చి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని, గళ్ల పక్కన గొంతుక్కూర్చుని ఆట మొత్తం చూశారు. ఆమే రెండుసార్లు గింజలు వేశారు. మర్నాటి నుంచి ఊళ్లో కొత్త కట్టుబాటు వచ్చింది. దాన్ని కాగితంమీద రాసింది నేనే. మండ కట్టిన ఇంటివాళ్లెవరూ మూడు వారాలు గడప దాటరాదు. నీళ్లు, బియ్యం గల్లీవాళ్లు గుమ్మం దగ్గరికి తెచ్చివ్వాలి. ఉన్న కాస్త టీకామందు ముందు కేసులున్న గల్లీలకు, తరువాత కోతకూలీల గుడిసెలకు, చివరికి మిగతా ఊరికి. మా గల్లీ చివర్లో పడింది. ఆ వరసా నేను వేసిందే.

రోజూ పొద్దున బడి గంట కంటే ముందు ఊరంతా తిరిగి గుమ్మాలకు కట్టిన వేపమండలు లెక్కపెట్టేవాణ్ని. ఊరి చివర చెరుకు ఆకు కప్పిన గుడిసెలుండేవి. కోతల కోసం నాందేడ్ వైపు నుంచి వచ్చిన మరాఠీ కూలీలవి. వాళ్ల ముకద్దం శివ్‌రాం. అంటే ముఠాకు పెద్ద. మొదట్లోనే వాళ్లలో ఇద్దరికి అమ్మ పోస్తే, ఎవరూ అడగకముందే నాకు చూపించాడు. ఆ రెండు గుడిసెలకూ కంప అడ్డం పెట్టి కాపలా కూర్చున్నాడు. ఊళ్లో పెద్దమనుషులు కూడా మండ కట్టడానికి వెనకాడుతుంటే అతను నాతోపాటు ప్రతి గుడిసెలోకి తొంగిచూసి లెక్క చెప్పేవాడు. నా లెక్కంతటిలో ఆ గుడిసెల అంకెలంత శుభ్రమైనవి లేవు. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మండలు తగ్గడం మొదలైంది. గింజలు చెప్పినట్టే! దవాఖాన గోడకు గ్రాఫు కాగితం అంటించాము. జరిగింది నల్ల గీత, జరగబోయేది ఎర్ర గీత. నల్ల గీత ఎర్ర గీత వెంట నడుస్తుంటే నాకు రాత్రి నిద్రలో కూడా నవ్వొచ్చేదట, మా ఆవిడ అనసూయ చెప్పింది. ఇంకో రెండు వారాల్లో సున్నా రావాలి. వస్తే నిజామాబాదులో జిల్లా అధికారులకు రాసి చుట్టుపక్కల వర్నిలో, చందూర్‌లో కూడా ఇలాగే చేయిస్తానని డాక్టరమ్మ అన్నారు. 'సున్నా సారు' జీవితంలో మొదటిసారి ఒక సున్నా కోసం రోజులు లెక్కపెట్టుకున్నాడు.

అప్పుడు మా సుగుణకు జ్వరం వచ్చింది.

సుగుణ మా ఒక్కగానొక్క బిడ్డ, ఏడేళ్లది. మూడోరోజుకు నుదుటిమీద, మణికట్ల దగ్గర పొక్కులు లేచాయి. ఎన్నో లేవు. పసితనంలో టీకా పడింది కాబట్టి తేలిగ్గా పోసింది. నాలుగోరోజుకే లేచి కూర్చుని పెరుగన్నం అడిగింది. అనసూయ పెరట్లోకి పోయి వేపమండ విరుచుకొచ్చింది. గుమ్మం పైభాగం అందుకోవడానికి పీట వేసుకుంది. నేను పీట పట్టుకున్నాను.

“వద్దు,” అన్నాను.

“గదేంది? తల్లి ఇంట్లకొచ్చింది. సెప్పకుంట దాస్తమా?”

“గది పెద్దమ్మ కాదు, ఆటలమ్మనే. రెండు దినాలల్ల పోతది.”

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆమెకు ఆటలమ్మకూ పెద్దమ్మకూ, అంటే మశూచికీ, తేడా తెలుసు. నాకూ తెలుసు. ఊరంతా తిరిగి పొక్కులు చూసి చూసి ఆ వేళకు నాకంటే బాగా ఎవరికి తెలుసు? అనసూయ మండ తీసుకుపోయి లోపల సుగుణ తలగడ కింద పెట్టింది.

ఎందుకు వద్దన్నాను? ఇన్నేళ్లలో నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. బిడ్డకు మచ్చ పడుతుందని, ఊళ్లో పరువని, బడిలో మాట వస్తుందని. అన్నీ అబద్ధాలు. మండ కడితే నేను రాసిన కట్టుబాటు ప్రకారం నేను మూడు వారాలు గడప దాటకూడదు. సున్నా వచ్చే రోజు నేను చూడకూడదు. నా లెక్క తేలే వేళకు ఇంకెవరో ఊరు తిరిగి మండలు లెక్కపెడతారు. అది భరించలేకపోయాను. భయపడి దాచినవాళ్లు ఊళ్లో ఉంటే ఉండొచ్చు, వాళ్లను అర్థం చేసుకోగలను. నేను కుతూహలంతో దాచాను. గింజలు పరిచిన గళ్లలో మా ఇంటి గడి కూడా ఉంది. ఆ గింజను నల్లగానే ఉంచాను.

మా ఎదురింట్లో రజియా ఉండేది. ఒంటరి మనిషి, కుట్టుమిషను మీద బతుకు. సుగుణకు ఉగాదికి గౌను కుడుతున్నది. ఆరోరోజు సాయంత్రం గౌను చేతిమీద వేసుకుని మా గుమ్మంలోకి వచ్చింది. నేను ముందుగదిలో గళ్ల దగ్గర కూర్చుని ఉన్నాను. అనసూయ పెరట్లో ఉంది. రజియా గుమ్మం పైకి చూసింది. ఆ రోజుల్లో అందరూ ముందు గుమ్మం పైకి చూసేవాళ్లు. అక్కడేమీ లేదు.

“బిడ్డ ఉన్నదా సార్ లోపల? కొలత సూస్త,” అంది.

నా చేతిలో నాలుగు గింజలున్నాయి. అవి వేస్తే ఏం పడుతుందా అని ఉంది నాకు. తల ఊపాను. ఆమె లోపలికి పోయింది. సుగుణ నవ్వడం వినిపించింది. గౌను తొడిగి, విప్పి, మళ్లీ తొడిగి చూసినట్టున్నది. ఎంతసేపు? ఒక చుట్ట తాగేంతసేపు. ఆ సమయంలో ఎప్పుడైనా లేచి ఒక్క కేక వేయొచ్చు. వేయలేదు. గింజలు వేశాను. ఏం పడ్డాయో ఇప్పుడు గుర్తులేదు.

ఊళ్లో మండలు రెండుకు దిగాయి. తరువాత ఒకటి. ఇక సున్నా అనుకున్న వారంలో రజియా గుమ్మానికి వేపమండ కనిపించింది. ఆ వెనకే ఆమె బట్టలు కుట్టిచ్చిన ఇంకో రెండిళ్లకు. నల్ల గీత ఎర్ర గీతను వదిలేసి పైకి లేచింది.

డాక్టరమ్మ గ్రాఫు ముందు నిలబడి, “ఎక్కడ తప్పిందండీ మాస్టారూ? ఆ వీధిలో అసలు కేసే లేదు కదా?” అన్నారు. చూసి చెప్తానన్నాను. ఇంటికొచ్చి తలుపేసుకుని మా ఇంటి గింజను తెల్లగా తిప్పి ఆట మళ్లీ ఆడాను. పదేపదే ఆడాను. చాలాసార్లు సరిగ్గా అదే వారంలో, సరిగ్గా ఆ గల్లీలోనే తెల్ల గింజలు తేలాయి. అప్పుడు నాకేమనిపించిందో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాననుకోండి. సంతోషం వేసింది. లెక్క తప్పలేదు! నేనిచ్చిన అంకె తప్పింది గానీ లెక్క తప్పలేదు. ఎదురింట్లో రజియా కళ్లు తెరవలేక మూలుగుతున్నది, గల్లీలోకి వినిపిస్తున్నది, నేను గింజల ముందు కూర్చుని మురిసిపోతున్నాను. ఎంతసేపో కాదు. కానీ ఆ కాసేపు నేనెవరిని? ఇప్పటికీ ఆ మనిషి నాలోనే ఉన్నాడు.

మర్నాడు డాక్టరమ్మ మళ్లీ అడిగారు. గుడిసెల వైపు నుంచి అయి ఉండొచ్చు అన్నాను. అంతే. అంత చిన్న మాట. నా లెక్కలో అతి శుభ్రమైన అంకెలు ఎవరివో వాళ్లమీదే వేశాను. ఎందుకంటే వాళ్లు బయటివాళ్లు, అందరూ తేలిగ్గా నమ్ముతారు. డాక్టరమ్మ నన్ను నమ్మారు. తప్పు ఆమెది కాదు. గుడిసెలన్నిటినీ మూడు వారాలు మూయించారు. కోత ఆగదు కదా, వాళ్ల పని వేరే ముఠాలకు పోయింది. కాపలా ఎత్తేసేసరికి వాళ్లకు నరకడానికి చేలు మిగల్లేదు. బండ్లు కట్టుకుని వెళ్లిపోతుంటే చూడటానికి పోయాను. ఎందుకు పోయానో! శివ్‌రాం బండి దిగి వచ్చాడు. వచ్చీరాని తెలుగు అతనిది.

“గురుజీ, మొదలు గా ఇద్దరికి తప్ప మా గుడిసెలల్ల ఎవలికి లేకుండె. రోజు నువ్వే సూసినవ్. ఖరం సాంగా గురుజీ.”

నిజం చెప్పమన్నాడు. నేను ఎద్దు మెడమీద చెయ్యి వేసి నిమురుతూ నిలబడ్డాను. అతను బండెక్కాడు. మరుసటి ఏడు ఆ ముఠా రాలేదు.

రజియా బతికింది. ఒక కన్ను పూర్తిగా పోయింది. రెండోదానికి వెలుగు, నీడ తెలుస్తాయి, అంతే. మిషను అమ్మేసింది. చేతి తడుముడుతో బొంతలు కుట్టడం నేర్చుకుంది. సూదిలో దారం మాత్రం ఎక్కించుకోలేకపోయేది. రోజూ సాయంత్రం ఒక గుడ్డముక్కకు పది సూదులు గుచ్చుకుని మా అరుగుమీదికి వచ్చేది. బడి నుంచి వచ్చిన సుగుణ అన్నిటికీ దారాలు ఎక్కించి ఇచ్చేది. ఆ ఉగాది గౌను వేసుకునే ఎక్కించింది, చిరిగిపోయేదాకా.

ఒకరోజు అలా కూర్చున్నప్పుడు రజియా నన్ను అడిగింది. ఈ పదహారేళ్లలో నాకు రోజూ వినిపించే మాట ఇదే.

“సార్, మీరు ఊరంత లెక్క వెట్టిండ్రు గద. నాకు ఏడికెల్లి వచ్చిందో మీకు ఎర్కనే ఉంటది.”

“గుడిసెల దిక్కుకెల్లి, రజియా.”

“గుడిసెలల్ల ఒకామెకు రవిక కుట్టిచ్చిన. గదేనేమో,” అంది. మళ్లీ ఆమే, “పాపం, ఆమె ఎట్లున్నదో సార్,” అంది.

అబద్ధానికి ఆమే సాక్ష్యం వెతికిపెట్టింది. ఆమే జాలి కూడా పడింది. నాకు మిగిలింది తల ఊపడం. ఆ తల ఊపు కూడా ఆమెకు కనిపించదు.

తరువాత డాక్టరమ్మకు బదిలీ అయింది. వర్ని, చందూర్‌ల గురించి నిజామాబాదుకు ఎవరూ ఏమీ రాయలేదు. గుడిసెల వల్ల చెడిపోయిన లెక్కను నమ్మి ఎవరు రాస్తారు? అక్కడ ఆ ఏడు ఎన్ని గుమ్మాలకు మండలు కట్టారో నేను లెక్కపెట్టలేదు. తెలుసుకోవాలని ఉండేది. అన్నీ తెలుసుకోవాలనుకునే నేను అదొక్కటి ఎవరినీ అడగలేదు. అనసూయ ఉన్నన్నాళ్లూ ఆ సంగతి ఎత్తలేదు. పోయే ముందు కూడా ఎత్తలేదు. సుగుణకు పెళ్లయి నవీపేట వెళ్లింది. నుదుటిమీద చిన్న గుంటలు రెండు ఉన్నాయి, బొట్టు పెట్టుకుంటే కనిపించవు. అవి ఆటలమ్మ మచ్చలే అనుకుంటుంది.

ఇప్పుడు రజియా సూదులకు దారం నేనే ఎక్కిస్తాను. అద్దాలు పెట్టుకుని, దారం చివర నాలికమీద తడిచేసి. అది సేవ అనుకునేరు. కాదు. ఆమె కళ్ల ముందు అనడానికి లేదు గానీ, ఆమె ఎదుట రోజూ ఒక గంట కూర్చుని చెప్పకుండా ఉండటం. చెబితే ఏమంటుంది? కోపమొస్తుందా, ఏడుస్తుందా, సుగుణను తిడుతుందా? ఇన్నేళ్లుగా ఎన్ని రకాలుగా ఊహించానో! పాపం చేసినవాడికి భయం ఉండాలి కదా. నాకు భయం కంటే అదేమిటో చూడాలనే ఆత్రమే ఎక్కువ. నా రోగం అదే. మీకు రాయడం కూడా తేలిక దారి చూసుకోవడమే. ఆమెకు చదువు రాదు, చూపు లేదు. కాగితంమీద ఎంత నిజమైనా రాసుకోవచ్చు.

నిన్న ఇంతవరకు రాశాను. తరువాత సొరుగు తీసి ఆనాటి ఇళ్ల జాబితా బయటపెట్టాను. కాగితం పసుపుపచ్చగా అయింది. మా గల్లీ దగ్గర ఖాళీ ఉన్నచోట కలం పెట్టి రాశాను. ఇల్లు: లెక్కల సారుది. రోగి: సుగుణ, ఏడేళ్లు. గుమ్మానికి మండ: కట్టలేదు. ఆ ఇంటినుంచి అంటుకున్నది: ఎదురింటి రజియాకు. సిరా ఆరకముందే ఆమె కర్ర చప్పుడు వినిపించింది. వచ్చి గోడ తడుముకుని కూర్చుని సూదుల గుడ్డ నా ముందు పెట్టింది. నేను కాగితం జరిపిన చప్పుడు విన్నట్టుంది.

“ఏం రాస్తున్నరు సార్?”

“పాత లెక్క, రజియా. అమ్మ పోసిన ఏడుది. ఒక ఇల్లు తప్పిపోయింది.”

“ఎవలిల్లు?”

మొదటి సూదికి దారం ఎక్కించాను. “మాదే,” అన్నాను. “నువ్వు గౌను కొలత సూడ వచ్చిన నాడు సుగుణకు అమ్మ పోసి ఉండె. నాకు ఎర్కనే. గుడిసెలోల్లది కాదు.”

ఆ మాటలు బయటికి వచ్చాక గుండెమీంచి బరువు దిగినట్టయింది, నిజమే. అలా తేలికపడే హక్కు నాకుందా అని కూడా అప్పుడే అనిపించింది.

నేను సూది చేతికందిస్తే రజియా చెయ్యి చాపలేదు. లేచి, గుమ్మం దగ్గర ఆగి, కర్ర చంకలో పెట్టుకుని, చెయ్యెత్తి మండ కట్టే పైభాగమంతా ఒకసారి మెల్లగా తడిమి చూసింది. తరువాత వెళ్లిపోయింది. ఈ సాయంత్రం రాలేదు. దారం ఎక్కించిన సూది ఒకటి, ఎక్కించనివి తొమ్మిది, నా బల్లమీదే ఉన్నాయి.